తొలి నాగరికతలు ఎలా పుట్టాయి? ఆరు ప్రాంతాల సాక్ష్యాలపై సమీక్ష

మరొకరి నమూనాను అనుసరించకుండా తమంతట తాముగా నగరాలనూ రాజ్యాలనూ నిర్మించుకున్న ప్రాంతాలు ప్రపంచంలో ఆరు ఉన్నాయని పురావస్తు శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. అవి టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న మెసొపొటేమియా, నైలు లోయలోని ఈజిప్టు, సింధు పరీవాహక ప్రాంతం, చైనా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికాలోని పెరూ తీరం. మెసొపొటేమియాలో ఉరుక్ నగరం క్రీ.పూ. 3500 తర్వాత మహానగరమైంది. మెక్సికోలో ఓల్మెక్‌లు తమ మొదటి పెద్ద కేంద్రాన్ని కట్టేసరికి క్రీ.పూ. 1400 దాటింది. అమెరికా ఖండాల వారికి పాత ప్రపంచంతో అప్పట్లో ఎలాంటి సంబంధమూ లేదు. అయినా రెండుచోట్లా గుట్టల్లాంటి కట్టడాలు, పాలక వర్గం, పూజా కేంద్రాలు, వృత్తి పనివారు కనిపిస్తారు. ఈ పోలిక యాదృచ్ఛికం కాదనుకుంటే దానికి కారణం చెప్పాలి. వందేళ్లుగా సాగుతున్న చర్చ అంతా ఆ కారణం గురించే.

నాగరికత అంటే ఏమిటో తేల్చే మొదటి గట్టి ప్రయత్నం పురావస్తు శాస్త్రజ్ఞుడు గోర్డన్ చైల్డ్‌ది. ఆయన 1936లో వ్యవసాయ ఆవిర్భావాన్ని నవీన శిలాయుగ విప్లవమనీ, నగరాల ఆవిర్భావాన్ని నగర విప్లవమనీ పిలిచాడు. 1950లో నగర విప్లవానికి పది లక్షణాలు చెప్పాడు. పెద్ద జనావాసం, పొలం పని చేయని వృత్తికారులు, పన్నుగానో కానుకగానో ఒకచోట చేరే మిగులు, భారీ కట్టడాలు, పాలక వర్గం, రాత, లెక్కల విద్య, దూరదేశ వ్యాపారం వంటివి అందులో ఉన్నాయి. ఈ జాబితా ఇప్పటికీ చర్చకు మొదటి మెట్టుగా ఉపయోగపడుతుంది గానీ కొలబద్దగా నిలవదు. పెరూలోని కరాల్‌లో రాత లేదు, కుండలు కూడా లేవు. తొలి ఈజిప్టులో ఉరుక్ అంతటి నగరం కనిపించదు. సింధు నగరాల్లో రాజభవనమని నిస్సందేహంగా చెప్పగల కట్టడం ఇంతవరకు బయటపడలేదు. అందువల్ల నేటి పరిశోధకులు నగరం, రాజ్యం, రాత అనే మూడింటినీ ఒకే మూటగా కాక, విడివిడిగా పుట్టి కొన్నిచోట్ల కలిసిన మూడు పరిణామాలుగా చూస్తున్నారు.

వ్యవసాయం: తప్పనిసరి, కానీ చాలదు

సుమారు 11,700 ఏళ్ల కిందట మంచుయుగం ముగిసి, వాతావరణం వెచ్చగా, నిలకడగా మారింది. ఆ తర్వాతి కొన్ని వేల ఏళ్లలో వేర్వేరు చోట్ల మనుషులు పంటలు పండించడం మొదలుపెట్టారు. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ, శనగ, చిరుశనగ లాంటి పప్పుజాతులు, మేక, గొర్రె వచ్చాయి. చైనాలో యాంగ్జీ నదీ ప్రాంతంలో వరి, ఉత్తరాన కొర్రలు, వరిగలు సాగయ్యాయి. మెక్సికోలో టియోసింటే అనే అడవి గడ్డిని సుమారు 9,000 ఏళ్ల కిందట మొక్కజొన్నగా మలచుకున్నారు.

వ్యవసాయం వచ్చాక నగరాలు వాటంతట అవే వచ్చాయని ఒకప్పుడు అనుకునేవారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు. పశ్చిమాసియాలో మొదటి పొలానికీ ఉరుక్‌కూ మధ్య 5,000 ఏళ్లు గడిచాయి. మెక్సికోలో ఆ వ్యవధి ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల వ్యవసాయం ఉండి కూడా వేల ఏళ్లపాటు రాజ్యం రాలేదు. పపువా న్యూ గినీ కొండల్లోని కుక్ అనే చోట కనీసం 6,500 ఏళ్ల కిందటే నేలను గుట్టలుగా ఎగదోసి అరటి సాగు చేశారు. అక్కడ ఏ రాజూ పుట్టలేదు.

దక్కను పీఠభూమి మరో ఉదాహరణ. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వాడు. అది పశువుల దొడ్డి అని తేలింది. పోగుపడిన పేడను పదేపదే తగలబెట్టడం వల్ల పొరలు పొరలుగా బూడిద పేరుకుంది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అలాగే మిగిలి ఉన్నాయి. ఇలాంటి దిబ్బలు అనంతపురం జిల్లా పాలవాయి నుంచి కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు దాకా ఉన్నాయి. క్రీ.పూ. మూడో, రెండో సహస్రాబ్దుల్లో ఈ జనం పశువులను మేపుతూ ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకున్నారు. ఊళ్లు కట్టారు, కానీ దక్కనులో నగరాలు క్రీస్తుకు ముందరి చివరి శతాబ్దాల్లో గానీ కనిపించవు. వ్యవసాయం నగరానికి పునాది వేస్తుంది, నగరాన్ని కట్టి ఇవ్వదు.

నగరం కన్నా ముందే కట్టడం

పెద్ద కట్టడం ఉంటే దాని వెనక రాజు, పన్ను, సైన్యం ఉండాలన్నది మరో పాత ఊహ. తుర్కియేలోని గోబెక్లి తెపె ఆ ఊహను కదిలించింది. క్లాస్ ష్మిట్ 1995లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. క్రీ.పూ. 9500 ప్రాంతంలో నిలబెట్టిన ఆంగ్ల అక్షరం టి ఆకారపు రాతి స్తంభాలు వలయాలుగా బయటపడ్డాయి. కొన్ని 5 మీటర్లకు పైగా ఎత్తున్నాయి. వాటి మీద నక్కలు, పాములు, తేళ్లు, రాబందులు చెక్కి ఉన్నాయి. వాటిని నిలబెట్టినవారు వేట, సేకరణతో బతికిన జనం. అది కేవలం పూజా స్థలమని ష్మిట్ భావించాడు. తర్వాతి తవ్వకాల్లో ఇళ్ల ఆనవాళ్లు, పెద్ద సంఖ్యలో తిరగలి రాళ్లు దొరికాయి. అంటే జనం అక్కడ కాపురం కూడా ఉన్నారన్నమాట. రాజ్యం లేకపోయినా వందలమంది కలిసి పనిచేయగలరన్న విషయం మాత్రం ఆ స్తంభాల వల్ల స్థిరపడింది.

జెరికోలో క్రీ.పూ. 8000 ప్రాంతంలో కట్టిన రాతి బురుజు, గోడ కాథ్లీన్ కెన్యన్ తవ్వకాల్లో వెలుగు చూశాయి. తుర్కియేలోని చతల్‌హుయుక్‌లో క్రీ.పూ. 7100 నుంచి వెయ్యేళ్లకు పైగా వేలమంది ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లలో బతికారు. వీధులు లేవు. పైకప్పులోని రంధ్రం నుంచి నిచ్చెనతో ఇంట్లోకి దిగేవారు. చనిపోయినవారిని ఇంటి నేలకిందే పాతిపెట్టేవారు. ఇళ్ల పరిమాణంలో పెద్దగా తేడా లేదు, దేవాలయమో కోటో కనిపించలేదు. నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో క్రీ.పూ. 4000 ప్రాంతంలో త్రిపిల్యా సంస్కృతి జనం ఇంకా పెద్ద ఆవాసాలు కట్టారు. వాటిలో అతి పెద్దదైన తాల్యాంకి 300 హెక్టార్లకు మించి ఉంటుంది. అక్కడా పాలకుడి జాడ తేలలేదు. ఇవన్నీ వేలమంది ఒకచోట ఉండటానికి అధికార వ్యవస్థే మొదటి షరతు కాదని చూపిస్తాయి.

ఆరు ప్రాంతాలు, ఆరు దారులు

మెసొపొటేమియా సాక్ష్యం అన్నిటికన్నా వివరంగా ఉంది. దక్షిణాన ఎరిడులో క్రీ.పూ. ఆరో సహస్రాబ్ది నుంచి ఒకే చోట ఒకదానిపై ఒకటిగా ఆలయాలు కట్టుకుంటూ వచ్చారు. చిన్న గదితో మొదలైనది ఎత్తైన అరుగు మీది పెద్ద గుడిగా ఎదిగింది. ఉత్తరాన, నేటి సిరియాలోని తెల్ బ్రాక్ వేరే విధంగా పెరిగింది. అక్కడ నాలుగో సహస్రాబ్ది తొలి దశలో విడివిడి పల్లెలు అంచుల నుంచి లోపలికి విస్తరించి ఒకటయ్యాయి. ఎవరో ఒకరు నడిబొడ్డున కూర్చుని ప్రణాళిక వేస్తే ఇలా పెరగదు.

ఉరుక్ క్రీ.పూ. 3100 నాటికి సుమారు 250 హెక్టార్లకు విస్తరించింది. అక్కడి తవ్వకాల్లో మట్టి గిన్నెలు వేల సంఖ్యలో దొరికాయి. అవి అచ్చులో వేసి చేసిన మోటు గిన్నెలు. అంచు ఏటవాలుగా ఉంటుంది, నునుపు చేసిన జాడ ఉండదు. ఇంత నాసిరకం గిన్నెలు ఇంత పెద్ద ఎత్తున ఎందుకు చేశారన్న ప్రశ్నకు, పనివారికి రోజుకూలీగా ధాన్యమో అంబలో రొట్టెలో కొలిచి ఇవ్వడానికని చాలామంది జవాబు చెబుతారు. తొలి మట్టి పలకల మీది గుర్తుల్లో ఆహారానికి వాడిన బొమ్మ ఆ గిన్నెనే పోలి ఉంటుంది. మనిషి తల పక్కన ఆ గిన్నె బొమ్మ గీస్తే తినడం, తిండి పెట్టడం అని అర్థం. ఉరుక్‌లో దొరికిన దాదాపు 5,000 పలకల్లో ఎక్కువ భాగం బార్లీ, గొర్రెలు, బీరు, పనివారి లెక్కలే. మిగిలినవి పదాల జాబితాలు. వాటిలో ఒకటి వృత్తులనూ పదవులనూ వరసగా పేర్కొంటుంది. ఆ జాబితాను లేఖకులు తర్వాత శతాబ్దాల తరబడి నకలు రాస్తూ నేర్చుకున్నారు. ఇక్కడ రాత కథ చెప్పడానికి కాదు, గోదాము లెక్క తప్పిపోకుండా ఉండటానికి పుట్టింది.

ఈజిప్టులో దారి వేరు. గోధుమ, బార్లీ అక్కడికి పశ్చిమాసియా నుంచే వచ్చాయి. సహారా ఒకప్పుడు పచ్చికబయలు. సుమారు 5,500 ఏళ్ల కిందట అది ఎండిపోతూ ఉండగా జనం, పశువుల మందలు నైలు వైపు చేరాయి. ఎగువ ఈజిప్టులోని హిరాకోన్‌పోలిస్, నఖాదా, అబిడోస్ పెద్ద కేంద్రాలయ్యాయి. అబిడోస్‌లోని ఒక సమాధిలో గుంటర్ డ్రెయర్ బృందానికి ఎముక, దంతంతో చేసిన చిన్న చీటీలు దొరికాయి. క్రీ.పూ. 3200 ప్రాంతానికి చెందిన వాటి మీద సంఖ్యలు, ఊళ్ల పేర్లు అనిపించే గుర్తులు ఉన్నాయి. సరుకులకు కట్టిన చీటీలవి. క్రీ.పూ. 3100 నాటి నార్మర్ ఫలకం మీద ఒకే రాజు ఒకవైపు ఎగువ దేశపు తెల్ల కిరీటంతో, మరోవైపు దిగువ దేశపు ఎర్ర కిరీటంతో కనిపిస్తాడు. మెసొపొటేమియాలో నగరం ముందు, రాజు తర్వాత. ఈజిప్టులో దేశమంతటికీ ఒకే రాజు ముందు వచ్చాడు. ఉరుక్ ప్రభావం స్థూపాకారపు ముద్రల్లోనూ ఇటుక గోడల గూళ్ల అలంకారంలోనూ కనిపించినా, రాజరికపు భావన, లిపి ఈజిప్టువే.

సింధు లోయ దారి వీటన్నిటికన్నా చిక్కైనది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 1974 నుంచి జరిగిన తవ్వకాలు అక్కడ క్రీ.పూ. 5000 నాటికే గోధుమ, బార్లీ సాగు, పశుపోషణ ఉన్నాయని చూపాయి. హరప్పాను 1921లో దయారాం సాహ్ని, మొహెంజొదారోను 1922లో ఆర్. డి. బెనర్జీ తవ్వడం మొదలుపెట్టారు. జాన్ మార్షల్ 1924 సెప్టెంబరులో ఈ నాగరికతను లోకానికి ప్రకటించాడు. దాని పరిణత దశ క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు. ఇటుకల ఎత్తు, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉంటాయి. చెకుముకి జాతి రాయితో చేసిన ఘనాకారపు తూకపు రాళ్లు గుజరాత్ నుంచి పంజాబ్ దాకా ఒకే పద్ధతిలో నడుస్తాయి. చిన్న రాళ్లు 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతూ పోతాయి. ఎక్కువగా వాడిన రాయి బరువు 13.7 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. మొహెంజొదారోలో 700 దాకా బావులు ఉండేవని అంచనా. ఇళ్ల నుంచి వచ్చే మురుగు మూతలున్న కాలువల్లోకి వెళ్లేది. ఇంత క్రమశిక్షణను ఎవరు అమలు చేశారో చెప్పే రాజుల విగ్రహాలు, యుద్ధ చిత్రాలు, వైభవంగా నింపిన సమాధులు లేవు. లిపిని ఇంకా ఎవరూ చదవలేకపోయారు, ఒక్కో శాసనంలో గుర్తులు సగటున ఐదుకు మించవు. వర్తకులు, వృత్తి సంఘాలు, ఇరుగుపొరుగు వాడలు కలిసి నగరాన్ని నడిపి ఉండవచ్చన్న వాదనకు ఇప్పుడు బలం పెరిగింది.

చైనా నాగరికత పసుపు నది ఒడ్డునే పుట్టి అంతటా పాకిందని చాలాకాలం చెప్పుకున్నారు. 1899లో వాంగ్ యిరోంగ్ గుర్తించిన భవిష్యవాణి ఎముకలు, 1928లో అన్యాంగ్‌లో మొదలైన తవ్వకాలు ఆ చిత్రానికి ఆధారం. ఎముకల మీది రాత క్రీ.పూ. 1250 ప్రాంతానిది. 1959లో వెలుగు చూసిన ఎర్లితో అనే చోట క్రీ.పూ. 18, 16 శతాబ్దాల మధ్య రాజభవనాలు, కంచు పూజా పాత్రలు ఉన్నాయి. అయితే యాంగ్జీ దిగువన లియాంగ్‌జూ వీటికన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. క్రీ.పూ. 3300, 2300 మధ్య అక్కడ వరి పండించే జనం దాదాపు 300 హెక్టార్ల ప్రాకార నగరం కట్టారు. కొండల దిగువన ఆనకట్టలు కట్టారు. మట్టిని గడ్డిలో చుట్టి ముద్దలుగా కట్టి పేర్చడం వారి పద్ధతి. పచ్చరాతితో చేసిన పూజా వస్తువులు కొద్దిమంది సమాధుల్లోనే గుట్టలుగా దొరికాయి. అంతస్తుల తేడా అక్కడ స్పష్టం, రాత మాత్రం లేదు. చైనాకు ఒకే పుట్టిల్లు కాక, పరస్పరం సంబంధాలున్న అనేక కేంద్రాలు ఉన్నాయని ఇప్పుడు భావిస్తున్నారు.

పెరూలోని సూపే లోయలో కరాల్ వయసును రూత్ షాడీ, సహచరులు 2001లో ప్రకటించినప్పుడు చర్చ మొత్తం మలుపు తిరిగింది. క్రీ.పూ. 2600 నాటికే అక్కడ పిరమిడ్‌లు, కింద గుంతగా తవ్విన వృత్తాకార ప్రాంగణాలు ఉన్నాయి. తేదీ కనుక్కున్న తీరు ఆసక్తికరం. రాళ్లను రెల్లుతో అల్లిన సంచుల్లో నింపి, సంచులతో సహా కట్టడంలో పడేశారు. ఒకటి రెండు ఏడాదులే బతికే ఆ రెల్లుకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే కట్టిన కాలం నేరుగా తెలుస్తుంది. అక్కడి జనం పత్తి పండించి వలలు అల్లేందుకు తీరానికి పంపారు, తీరం నుంచి నెత్తళ్లు, గుల్లలు తెచ్చుకున్నారు. పెరూ నాగరికతకు సముద్రమే పునాది అని మైకేల్ మోస్లీ 1975లోనే వాదించాడు. అయితే మొక్కజొన్న పుప్పొడి, ఇతర ఆనవాళ్లు ఆ లోయల్లో వ్యవసాయానికీ పెద్ద పాత్రే ఉందని తర్వాత చూపాయి. ప్రాకారాలు, ఆయుధాల జాడ కరాల్‌లో లేదు.

మెక్సికో గల్ఫ్ తీరంలో ఓల్మెక్‌ల శాన్ లొరెంజో, తర్వాత లా వెంటా వెలిశాయి. ఇంతవరకు దొరికిన 17 రాతి తలలు వారి గుర్తు. బసాల్ట్ రాతిని పదుల కిలోమీటర్ల దూరంలోని టుష్ట్లా కొండల నుంచి చక్రం, బరువు లాగే పశువు లేకుండానే తెచ్చారు. అంత శ్రమను కూడగట్టాలంటే బలమైన పాలకులు ఉండాలని అనిపిస్తుంది. అయితే గాలి నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచే లైడార్ ద్వారా గుర్తించి 2020లో ప్రకటించిన అగ్వాదా ఫెనిక్స్ మరో సంగతి చెబుతోంది. సుమారు 1,400 మీటర్ల పొడవున్న ఆ అరుగును క్రీ.పూ. 1000, 800 మధ్య కట్టారు. పాలక వర్గపు స్పష్టమైన జాడలు అక్కడ లేవు.

సిద్ధాంతాలు, వాటికి తగిలిన ఎదురుదెబ్బలు

కార్ల్ విట్‌ఫోగెల్ 1957లో నీటి సిద్ధాంతం చెప్పాడు. కాలువలు తవ్వి, నీరు పంచడానికి కేంద్ర అధికారం అవసరమై రాజ్యం పుట్టిందన్నది దాని సారం. రాబర్ట్ ఆడమ్స్ ఇరాక్‌లో చేసిన సర్వేలు దానికి ఎదురు నిలిచాయి. ఉరుక్ కాలపు సాగు చిన్న కాలువల మీదే ఆధారపడింది. భారీ కాలువలు రాజ్యం బలపడ్డాక వచ్చాయి. ఈజిప్టులోనూ వరద నీటిని మళ్లించి నిలబెట్టే పనిని ఊళ్లవారే చూసుకున్నారు.

రాబర్ట్ కార్నెయిరో 1970లో హద్దుల సిద్ధాంతం ప్రతిపాదించాడు. పెరూ లోయ, నైలు తీరం లాంటి సన్నని సారవంతమైన నేల చుట్టూ ఎడారి ఉన్నచోట, యుద్ధంలో ఓడినవారికి పారిపోయే దారి ఉండదు. లొంగి పన్ను కట్టాల్సిందే. ఇది నైలుకు బాగా సరిపోతుంది. అయితే యుద్ధ జాడలు పలచగా ఉన్న సింధు నగరాలనూ కరాల్‌నూ వివరించలేదు.

ధాన్యం సిద్ధాంతం ఇటీవలిది. జేమ్స్ స్కాట్ 2017లో వెలువరించిన పుస్తకంలో దాన్ని విస్తరించాడు. గోధుమ, వరి, మొక్కజొన్న నేలపైన పండుతాయి, ఒకే కాలంలో కోతకొస్తాయి, ఎండబెడితే ఏళ్లు నిలవ ఉంటాయి. వసూలు చేసేవాడికి అంచనా వేయడం తేలిక. భూమిలో దాగి, అవసరమైనప్పుడే తవ్వుకునే దుంపలతో అది కుదరదు. దుంపలూ పండించే న్యూ గినీలో రాజ్యం ఎందుకు పుట్టలేదో దీనివల్ల కొంత అర్థమవుతుంది. చేపలూ పత్తీ ముఖ్యమైన కరాల్ మాత్రం దీనికి సులువుగా ఒదగదు. దక్కనులో చిరుధాన్యాలు ఉండి కూడా రాజ్యం ఆలస్యమైంది.

వాతావరణం, వ్యాపారం, మతం కూడా కారణాలుగా వచ్చాయి. నైలులో ఎడారి విస్తరణ జనాన్ని దగ్గరకు చేర్చింది. సింధులో మాత్రం వానలు తగ్గి నదుల ఉధృతి నెమ్మదించడమే వరద మైదానాల్లో స్థిరపడటానికి అనుకూలించిందని 2012లో ఒక భూవిజ్ఞాన బృందం వాదించింది. రాయి, లోహం, కలప లేని దక్షిణ మెసొపొటేమియాకు దూర వ్యాపారం జీవనాధారమైంది. లియాంగ్‌జూకు అలాంటి ఒత్తిడి లేదు. డేవిడ్ గ్రేబర్, డేవిడ్ వెంగ్రో 2021లో ఈ సిద్ధాంతాలన్నీ మనిషికి ఒకే నిచ్చెన ఉందన్న భ్రమ మీద నిలిచాయని విమర్శించారు. పురాతన సమాజాలు అధికారాన్ని తెలిసే ప్రయోగించాయి, తెలిసే వదులుకున్నాయన్నది వారి మాట.

సాక్ష్యం చెప్పేది

ఆరు ప్రాంతాలనూ పక్కపక్కన పెడితే మూడు సంగతులు అంతటా తగులుతాయి. మొదటిది, నిలవ చేయగల లేదా మారకం చేయగల మిగులు. ధాన్యమైనా, ఎండు చేపలైనా, నూలైనా సరే. రెండోది, ముక్కూముఖం తెలియనివారి మధ్య లెక్కను నిలబెట్టే సాధనం. ఉరుక్‌లో మట్టి పలక, అబిడోస్‌లో దంతపు చీటీ, సింధులో ముద్ర, తూకపు రాయి ఆ పని చేశాయి. కరాల్‌లో ముడులు వేసిన నూలు తాళ్ల కట్ట ఒకటి దొరికింది, దాన్ని తర్వాతి ఇంకా సామ్రాజ్యపు లెక్కల తాళ్లకు తొలి రూపమని షాడీ భావించింది. మూడోది, జనం విడిచి వెళ్లకుండా నిలిపే కారణం. నైలులో అది ఎడారి, ఎరిడులో గుడి, మొహెంజొదారోలో బావి, మురుగు కాలువ, సంత.

ఈ మూడూ కలిసినా ఫలితం శాశ్వతం కాదు. లియాంగ్‌జూ క్రీ.పూ. 2300 ప్రాంతంలో వరదల మధ్య ముగిసింది. సింధు నగరాలు క్రీ.పూ. 1900 తర్వాత చెదిరి, జనం ఊళ్లకు తిరిగి మళ్లారు. అక్కడ మళ్లీ నగరాలు, లిపి కనిపించేసరికి వెయ్యేళ్లకు పైగా పట్టింది. అందుకే నాగరికతను ఒకసారి ఎక్కితే దిగని మెట్టుగా చెప్పడం సరికాదు. ఆరు చోట్లకూ సరిపోయే ఒకే కారణాన్ని ఇప్పటివరకు ఏ సిద్ధాంతమూ చూపలేకపోయింది. నేటి సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పాల్సి వస్తే, మిగులు, లెక్క, కలిసుండే కారణం అనే మూడింటినీ ఒక్కో సమాజం తన నేలకూ నీటికీ తగ్గట్టు వేరువేరుగా కూర్చుకుంది. రాజు, రాత, ప్రాకారం కొన్నిచోట్ల మాత్రమే ఆ కూర్పులో చేరాయి.